యార్క్‌లో గేటంటే వీధి, బార్ అంటే కోటద్వారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లండ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తూ, దారిలో యార్క్ నగరం ఎలా చూడాలని బరంపురం నుంచి సిరొంచ దాకా చాలామంది అడిగారు. అందరికీ పనికొచ్చే ప్రశ్నలు తీసుకుని జవాబులిస్తున్నాం. టికెట్ ధరలు, తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో ఆయా చోట్ల సొంత వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటోంది. సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా వెళ్తున్నాం. నాకు 66, తనకు 61. యార్క్ ఒక్క రోజులో చూసి వచ్చేద్దాం అంటోంది అమ్మాయి. సరిపోతుందా? (బరంపురం)

సరిపోదు. మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి ఒక్కటే రెండున్నర గంటలు తీసుకుంటుంది. కోటగోడ మీద నడక, రైల్వే మ్యూజియం కూడా అదే రోజు పెట్టుకుంటే మధ్యాహ్నానికే కాళ్లు వాచిపోతాయి. చివరికి గుర్తుండేది పరుగే. లీడ్స్ నుంచి యార్క్‌కి రైల్లో సుమారు 25 నిమిషాలు. కాబట్టి అక్కడ రాత్రి బస చెయ్యకుండా, రెండు వేర్వేరు రోజులు వెళ్లి రండి. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఉంటే ఇంకా మంచిది. ఆఫీసుల రద్దీ దాటాక బయల్దేరితే టికెట్ చవక.

మొదటి రోజు స్టేషన్ నుంచి లెండల్ వంతెన మీదుగా ఊజ్ నది దాటండి. ఎడమచేతి వైపు మ్యూజియం గార్డెన్స్. లోపలికి టికెట్ లేదు. అక్కడ పలకలు పలకలుగా ఉన్న పాత బురుజు ఒకటి కనిపిస్తుంది. కింద సగం చిన్న చిన్న రాళ్లు, మధ్యలో ఎర్ర ఇటుకల పట్టీ, పైన పెద్ద రాళ్లు. కింది భాగం రోమన్లది, పైది ఆ తర్వాత వెయ్యేళ్లకి కట్టింది. ఊరి చరిత్రంతా ఈ ఒక్క గోడలో పొరలుగా ఉంది, అందుకే ముందు ఇది చూడమంటాం. పక్కనే సెయింట్ మేరీస్ మఠం శిథిలాలు. 8వ హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు, 1539లో ఇదీ మూతపడింది. తర్వాత రాళ్లు ఊళ్లో ఇళ్లకీ కట్టడాలకీ పోయాయి.

అక్కడి నుంచి మిన్‌స్టర్. భోజనం అయ్యాక బూథమ్ బార్ దగ్గర గోడ ఎక్కి మంక్ బార్ దగ్గర దిగండి. తాపీగా నడిస్తే అరగంట. గుడ్‌రమ్‌గేట్ వీధిలోంచి షాంబుల్స్ అనే పాత వీధికి చేరుకుని, అక్కడి నుంచి స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు.

రెండో రోజు పొద్దున రైల్వే మ్యూజియం. స్టేషన్‌కి దగ్గరే. మధ్యాహ్నం క్లిఫర్డ్స్ టవర్, దాని ఎదురుగా క్యాజిల్ మ్యూజియం. ఈ మ్యూజియంలో విక్టోరియా రాణి కాలంనాటి వీధిని దుకాణాలతో సహా నిలబెట్టారు. పెద్దవాళ్లకి చాలా నచ్చుతుంది. నిజంగానే ఒక్క రోజే కుదిరిందంటే మిన్‌స్టర్, గోడ ఉంచుకుని మిగతావి వదిలెయ్యండి.

చెప్పుల విషయం ముందే తేల్చుకోండి. పాత వీధులు గుండ్రాళ్లు పరిచినవి. వాన పడితే జారతాయి. పట్టు ఉన్న రబ్బరు సోలు బూట్లు తప్పనిసరి. కొత్త బూట్లయితే ప్రయాణానికి నెల ముందు నుంచే రోజూ వేసుకుని నడవండి. గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్ కోటు నయం. గోడ మీద గాలికి గొడుగు తిరగబడుతుంది.

ప్రశ్న: మిన్‌స్టర్‌కి టికెట్ ఉందంటున్నారు, ప్రార్థనకు వెళ్తే లేదనీ అంటున్నారు. ఏది నిజం? లోపల ఏం చూడాలి? నాకు మోకాళ్ల నొప్పులు, టవర్ ఎక్కగలనా? (సిరొంచ)

రెండూ నిజమే. చూడ్డానికి వెళ్లేవాళ్లకి టికెట్. ప్రార్థనకు వచ్చేవాళ్లకి లేదు. సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే ప్రార్థన జరుగుతుంది, ఎక్కువగా 5:30కి, ఆదివారం 4కి. అది ముప్పావుగంట సేపు ఉంటుంది. మతం అడగరు. పావుగంట ముందు వెళ్లి, చెప్పిన చోట కూర్చుని, పక్కవాళ్లు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. ఆ రాతి కప్పు కింద గాయకుల గొంతులు ఎలా తేలతాయో వినడం టికెట్ కొని చూసినదానికి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే ఆ సమయంలో లోపల తిరగకూడదు, ఫొటోలు తియ్యకూడదు. బూట్లు విప్పక్కర్లేదు. మనవాళ్లు గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు కోసం వెతుకుతారు, అక్కడ ఆ ఆచారం లేదు. మగవాళ్లు టోపీ మాత్రం తీస్తారు. ఆదివారం పొద్దుటిపూట ప్రార్థనలుంటాయి, సందర్శకులకు మధ్యాహ్నం నుంచే.

ఇప్పుడున్న కట్టడం సుమారు 1220లో మొదలై 1472 దాకా సాగింది. రెండున్నర శతాబ్దాల పని. తాత వేసిన పునాది మీద ముని మనవలు గోపురం ఎత్తారన్నమాట. లోపలికి వెళ్లగానే నడవకండి. ముందు నిలబడి తల ఎత్తండి.

అన్నిటికన్నా ముఖ్యం గాజు. తూర్పు చివరనున్న పెద్ద కిటికీ టెన్నిస్ కోర్టంత ఉంటుంది. కొవెంట్రీకి చెందిన జాన్ థోర్న్‌టన్ 1405 నుంచి 1408 వరకు మూడేళ్లలో తన బృందంతో దాన్ని పూర్తి చేశాడు. పైవరసల్లో బైబిల్ చెప్పిన సృష్టి మొదలు, కింద లోకం ముగింపు. 300 పైగా పలకలు. 2008లో పలకలన్నీ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడానికి పదేళ్లు పట్టింది. దీన్ని పొద్దునే చూడాలి. ఎండ తూర్పు నుంచి గాజులోకి దిగుతున్నప్పుడే రంగు పలుకుతుంది. సాయంత్రానికి చప్పబడిపోతుంది. చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లండి, పైవరసలు ఉత్త కంటికి అందవు.

ఉత్తరం వైపు ఉన్న ఫైవ్ సిస్టర్స్ దీనికి పూర్తిగా వేరు. 13వ శతాబ్దపు అయిదు పొడవాటి కిటికీలు, ఒక్కొక్కటి 53 అడుగులు. బొమ్మలు లేవు, బూడిద, ఆకుపచ్చ ఛాయల్లో అల్లిక మాత్రమే. తొందర్లో ఉన్నవాళ్లు చాలామంది దీన్ని చూడకుండానే దాటిపోతారు. రెండు నిమిషాలు కూర్చుంటే చీర అంచులో జరీలా మెల్లగా విచ్చుకుంటుంది. చాప్టర్ హౌస్ అనే ఎనిమిది పలకల సమావేశ మందిరంలో మధ్య స్తంభం ఒక్కటీ లేకుండా కప్పు ఎలా నిలిచిందో చూడండి. గాయకుల స్థలం ముందున్న రాతి తెర మీద విలియం మొదలు 6వ హెన్రీ వరకు 15 మంది రాజులు వరసగా నిలబడి ఉంటారు.

ఇంత గాజు మిగలడం మామూలు సంగతి కాదు. 1644లో అంతర్యుద్ధంలో ఊరు లొంగిపోయినప్పుడు గెలిచిన సేనాని థామస్ ఫెయిర్‌ఫాక్స్ యార్క్‌షైర్‌వాడే. సైనికుల చేత చర్చిని ధ్వంసం కానివ్వలేదు. రెండో ప్రపంచయుద్ధంలో గాజును విప్పి దాచారు. 1984 జులై 9 రాత్రి దక్షిణపు రెక్క కప్పు తగలబడింది. పిడుగు పడిందన్నది ఎక్కువమంది నమ్మే కారణం. అక్కడి గుండ్రటి రోజ్ విండోకి ఆ వేడిలో వేల పగుళ్లు వచ్చినా చట్రంలోంచి ఊడిపడలేదు. కొత్త కప్పులో చెక్కిన పూలగుత్తుల్లాంటి గుబ్బల్లో ఆరు, పిల్లల పోటీలో గెలిచిన డిజైన్లు. చంద్రుడి మీద మనిషి కూడా అందులో ఉన్నాడు. మనవలు వెంట ఉంటే వెతకమనండి.

టవర్ మాటకొస్తే, 275 మెట్లు, ఇరుకైన చుట్లు, లిఫ్టు లేదు. మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. వేళ ప్రకారం గుంపుగా పంపుతారు, కాబట్టి నెమ్మదిగా ఎక్కుదామన్నా వెనకవాళ్లు నిలవాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు, ఇరుకులో ఊపిరాడని భయం ఉంటే వద్దు. చీరతో ఎక్కడం కూడా ప్రమాదమే. మీరు కిందే ఉండి, నేలమాళిగలోని మ్యూజియం చూడండి. అక్కడ రోమన్ సైనిక స్థావరపు గోడలు బయటపడ్డాయి. వాటి మీదే చర్చి నిలబడి ఉంది. బయట దక్షిణ ద్వారం పక్కన కంచు విగ్రహం కాన్‌స్టంటైన్‌ది. తండ్రి ఇక్కడే చనిపోతే, 306లో సైనికులు ఈ ఊళ్లోనే ఇతన్ని చక్రవర్తిగా ప్రకటించారు.

ప్రశ్న: వీధి పేర్లన్నిట్లో గేట్ అని ఉంది, మ్యాప్‌లో ఎక్కడా గేటు కనపడదు. మా అల్లుడు బార్ దగ్గర కలుద్దామంటే మా వారు కల్లుదుకాణం అనుకున్నారు! (బల్లార్‌షా)

ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు 866లో ఈ ఊరు పట్టుకున్నారు. వాళ్ల భాషలో గాటా అంటే వీధి. అదే గేట్ అయింది. కొప్పర్‌గేట్ అంటే గిన్నెలు, కప్పులు చేసేవాళ్ల వీధి. మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి. కోటద్వారాన్నేమో బార్ అంటారు. బూథమ్ బార్, మంక్ బార్, వామ్‌గేట్ బార్, మికిల్‌గేట్ బార్, ఈ నాలుగూ పాతవీ పెద్దవీ. వామ్‌గేట్‌కి మాత్రమే ముందు పొడుచుకొచ్చిన రాతి అడ్డుకట్ట ఇప్పటికీ ఉంది. లండన్ వైపు నుంచి వచ్చే రాజులు మికిల్‌గేట్ ద్వారం గుండానే ఊళ్లోకి వచ్చేవారు. ద్రోహులన్న వాళ్ల తలలు కూడా దాని మీదే గుచ్చేవారు.

ఊరి పేరు కథా ఇలాంటిదే. రోమన్లు సుమారు 71లో స్థావరం వేసి ఎబొరాకమ్ అన్నారు. తర్వాత వచ్చిన ఆంగ్లో శాక్సన్లకి అది తమ భాషలో అడవిపందిలా వినబడి ఎయొఫర్‌విక్ అయింది. వైకింగుల నోట్లో యోర్విక్, చివరికి యార్క్. బరంపురాన్ని బ్రహ్మపురగానూ, చాందాని చంద్రపూర్‌గానూ రాసుకునే మనకి ఇది వేరేగా వివరించనక్కర్లేదు. ఊరు ఒకటే, పలికే నోళ్లు వేరు.

ప్రశ్న: మా నాన్నగారు పర్లాకిమిడి లైటు రైల్లో పనిచేశారు. యార్క్‌లో రైల్వే మ్యూజియం ఉందని విన్నాను. పాత ఇంజన్ల మీద ఇష్టం ఉన్నవాడికి అక్కడ ఎంతసేపు కావాలి, ఏం వదలకూడదు? (పర్లాకిమిడి)

పూట మొత్తం ఉంచుకోండి. నేషనల్ రైల్వే మ్యూజియం 1975లో మొదలైంది. ప్రవేశం ఉచితం. పునర్నిర్మాణం పనులు జరుగుతున్నందున ఏ హాలు తెరిచి ఉందో ముందే చూసుకోండి.

గ్రేట్ హాలు ఒకప్పటి ఇంజన్ల షెడ్డు. మధ్యలో టర్న్‌టేబుల్, చుట్టూ ఇంజన్లు. ముందుగా నీలంరంగు మల్లార్డ్ దగ్గరికి వెళ్లండి. నైజెల్ గ్రెస్లీ డిజైను. 1938 జులై 3న గంటకు 126 మైళ్లు, అంటే సుమారు 203 కిలోమీటర్లు పరుగెత్తింది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. ఆ పరుగులో మధ్య సిలిండరు కడ్డీ దగ్గరి బేరింగు వేడెక్కి పాడైంది, తర్వాత నెమ్మదిగా పోనివ్వాల్సి వచ్చింది. ఆరడుగుల ఎనిమిది అంగుళాల చక్రాల పక్కన నిలబడి, కడ్డీలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో చూస్తే ఆ వేగంలో ఏ భాగం మీద ఎంత భారం పడిందో అర్థమవుతుంది.

తర్వాత చైనా కోసం 1935లో వల్కన్ ఫౌండ్రీ కట్టిన పెద్ద ఇంజను. ఈ ఫౌండ్రీ పేరు మనకి కొత్త కాదు. 1853లో బొంబాయి ఠాణాల మధ్య నడిచిన మొదటి ప్రయాణికుల బండి ఇంజన్లు అక్కడివే. జపాన్ మొదటి తరం బుల్లెట్ ట్రైను పెట్టె కూడా ఒకటుంది. బ్రిటిష్ రైల్వే కట్టిన ఆఖరి ఆవిరి ఇంజను ఈవెనింగ్ స్టార్, 1960 నాటిది, ఈ మ్యూజియం సేకరణలోదే.

ఒక సంగతి మాత్రం కొలిచి చూడండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైటు రైలు పట్టాల మధ్య దూరం 2 అడుగుల 6 అంగుళాలు. ఇంగ్లండ్ పట్టాలు 4 అడుగుల 8½ అంగుళాలు. మన బ్రాడ్‌గేజి 5 అడుగుల 6 అంగుళాలు. దీనికి తోడు అక్కడి పాత వంతెనలు, సొరంగాలు చిన్నవి కావడంతో బండ్లు కూడా సన్నగా, పొట్టిగా ఉంటాయి. అంత పేరున్న ఇంజను మన బ్రాడ్‌గేజి ఇంజను కన్నా చిన్నదిగా కనిపించడానికి అదే కారణం. తిరిగి వెళ్లేటప్పుడు యార్క్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద తల ఎత్తండి. 1877లో తెరిచిన ఆ ఇనుప కప్పు పట్టాలతో పాటే వంపు తిరిగి ఉంటుంది. మ్యూజియంలో లేని మంచి వస్తువు అది.

లండన్ నుంచి వస్తే కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో ఎక్కండి, సుమారు రెండు గంటలు. హీత్రూ విమానాశ్రయం నుంచి కింగ్స్ క్రాస్‌కి పికడిలీ లైను మెట్రో నేరుగా ఉంది, గంట పడుతుంది. రైలు టికెట్ కొన్ని వారాల ముందు అడ్వాన్స్ రకం కొంటే బాగా తక్కువ. కానీ అది రాసి ఉన్న బండికే చెల్లుతుంది. విమానం ఆలస్యమై బండి తప్పిపోతే టికెట్ పోయినట్లే. అందుకే దిగిన రోజు బండికి అడ్వాన్స్ టికెట్ కొనకండి. 60 దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది. స్టేషన్‌లో పాస్‌పోర్టు చూపించి కొనుక్కోవచ్చు. లండన్ రానుపోను ప్రయాణం ఉన్నవాళ్లకే అది లాభం, లీడ్స్ యార్క్ మధ్య తిరగడానికి కాదు.

ప్రశ్న: అబ్బాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం. విజిటర్ వీసాకి పెట్టాల్సిన భూమి కాగితాలు ఒడియాలో ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, పట్టాలో ఇంకోలా ఉంది. (రాయగడ) ఇలాగే దెగ్లూరు నుంచి ఒకరు సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు) మరాఠీలో ఉంటే అలాగే పెట్టొచ్చా అని అడిగారు.

పెట్టకూడదు. ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ అనువాదం జత చెయ్యాలి. అనువాదం చేసినవారు ఇది అసలుకు సరైన అనువాదమని రాసి, తేదీ, పూర్తిపేరు, సంతకం, తమను సంప్రదించే వివరాలు ఇవ్వాలి. వీటిలో ఒక్కటి తప్పినా అధికారి ఆ కాగితాన్ని పక్కన పెట్టేయొచ్చు. ఇంట్లో పిల్లలు చేసిన అనువాదం పెట్టకండి. అసలు కాగితం, అనువాదం రెండూ ఒకే ఫైలుగా స్కాన్ చేసి ఎక్కిస్తే చూసేవారికి తికమక ఉండదు.

పేరు తేడా మన సరిహద్దుల్లో మామూలే. తెలుగు ఇంటిపేరు ఒడియా లిపిలోకో మరాఠీలోకో వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి అక్షరాలు మారతాయి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టండి. అనువాదంలో పేరు పట్టాలో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టు ప్రకారం సరిదిద్దమని అనువాదకుణ్ని అడగకండి. అసలుకీ అనువాదానికీ తేడా వస్తే అనుమానం పెరుగుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పెట్టొచ్చు. తర్వాత వేలిముద్రలు, ఫొటో ఇవ్వడానికి వీసా కేంద్రానికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉంది. నిర్ణయం సాధారణంగా మూడు వారాల్లో వస్తుంది. వేసవి రద్దీలో ఆలస్యం కావచ్చు. అది వచ్చేదాకా విమానం టికెట్ కొనకండి.

తిరస్కరణలు ఎక్కువగా డబ్బు దగ్గర వస్తాయి. దరఖాస్తుకి వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో 5 లక్షలు వేస్తే, ఆ డబ్బు ఎక్కడిదో కాగితం చూపలేరు. తక్కువ మొత్తమైనా ఆరు నెలలుగా క్రమంగా వచ్చే పెన్షనో కౌలు డబ్బో ఉంటే అదే నయం. ఖర్చు అబ్బాయి భరిస్తుంటే అతని ఉత్తరం, జీతం స్లిప్పులు, బ్యాంకు కాగితాలు, అక్కడ ఉండేందుకున్న అనుమతి వివరాలు పెట్టండి. మీరు తిరిగి వస్తారనడానికి ఆధారం భూమి, ఇల్లు, ఇక్కడున్న మిగతా కుటుంబం. ఏజెంటు చెప్పాడని ఒక్క అబద్ధం రాసినా పదేళ్ల నిషేధం పడే ప్రమాదముంది. ఆరు నెలలకు మించని సందర్శనకి క్షయ పరీక్ష అక్కర్లేదు. కావాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ బయట ఏం తినాలి? ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లొచ్చు? (జయపురం)

ముందు పట్టుకెళ్లే సంగతి. పాలు, మాంసం సంబంధించినవి ఇండియా నుంచి తీసుకెళ్లనివ్వరు. నెయ్యి డబ్బా, పాలకోవా, పనీర్, ఛెనాపొడొ ఇక్కడే వదలండి. ఆవకాయ, బరంపురం అప్పడాలు, వడియాలు, కందిపొడి, చింతపండు పరవాలేదు. పచ్చడి నూనె కారితే పెట్టెంతా పోతుంది. పైన నూనె కొంచెం వంపేసి, రెండు కవర్లలో కట్టి, చెక్ ఇన్ సామానులో పెట్టండి. చేతిసంచిలో పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క, ఆపేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. అక్కడి ప్లగ్గు మూడు పలక పిన్నులది, ఎడాప్టరు కొనుక్కోండి. కరెంటు మనలాగే 230 వోల్టులు.

వెజిటేరియన్ అంటే అక్కడ గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివాళ్లు వీగన్ అని అడగడం సులువు. అందులో పాలు కూడా ఉండవు, కాబట్టి పెరుగు, చీజ్ వేరే తీసుకోండి. యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు చూసి తీపి అనుకోకండి. అది పిండి, గుడ్లు, పాలతో చేసేది. అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది బంగాళదుంప చిప్స్. యార్క్‌షైర్‌లో చాలా చేపల దుకాణాల్లో చిప్స్ కూడా బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డుకొవ్వులో వేయిస్తారు. మాంసం తినేవాళ్లలో కూడా అది ముట్టనివాళ్లు మనలో చాలామంది. కొనేముందు ఏ నూనె అని అడగండి, నిజమే చెబుతారు. పొట్లాల మీద పదార్థాల జాబితాలో పాలు, గుడ్డు, చేప వంటివి లావు అక్షరాల్లో ఉంటాయి, చూడగానే దొరుకుతాయి. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ చూడండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఖాళీ సీసా వెంట ఉంచుకోండి. దుకాణాలు చాలావరకు సాయంత్రం అయిదున్నరకే మూస్తారు.

చాక్లెట్ మాత్రం యార్క్ సొంతం. రౌంట్రీ, టెర్రీ అనే చాక్లెట్ కంపెనీలు రెండూ ఈ ఊళ్లో పుట్టినవే. కిట్‌క్యాట్ 1935లో వేరే పేరుతో ఇక్కడే పుట్టింది.

ప్రశ్న: పిల్లలకి అయిదు, తొమ్మిదేళ్లు. గోడ మీద నడిపించొచ్చా? వైకింగుల మ్యూజియం వాళ్లకి నచ్చుతుందా? (ధర్మాబాద్)

గోడ మొత్తం సుమారు 3.4 కిలోమీటర్లు, ఉచితం, చీకటి పడేలోగా మూసేస్తారు. కొన్ని చోట్ల లోపలి వైపు కటకటాలు లేవు. అయిదేళ్ల పిల్లను లోపలి అంచు వైపు కాకుండా బయటి గోడ వైపు, చెయ్యి పట్టుకుని నడిపించండి. పిల్లల బండి ఎక్కదు, మెట్లున్నాయి. మంచు గడ్డకట్టినా పెనుగాలి వీచినా మూస్తారు. తూర్పున ఫాస్ నది దగ్గర గోడ ఒకచోట తెగుతుంది. కూలిపోయిందనుకోకండి, అక్కడ ఎప్పుడూ కట్టలేదు. విలియం రాజు నదికి అడ్డుకట్ట వేయించడంతో పెద్ద చెరువు, చిత్తడి ఏర్పడి శత్రువు దాటలేకపోయేవాడు. నీళ్లే గోడ. పిల్లలతో అయితే బూథమ్ నుంచి మంక్ ముక్క చాలు, దారి పొడుగునా మిన్‌స్టర్ పక్కనే ఉంటుంది.

యోర్విక్ వైకింగ్ కేంద్రం తొమ్మిదేళ్ల వయసుకి సరిగ్గా సరిపోతుంది. 1976 నుంచి 1981 వరకు కొప్పర్‌గేట్‌లో తవ్వితే వైకింగుల ఇళ్లు బయటపడ్డాయి. నేల తడిగా, గాలి చొరకుండా ఉండటంతో చెక్క, తోలు, బట్ట కూడా కుళ్లలేదు. ఆ చోటే నేల కింద చిన్న బండిలో కూర్చోబెట్టి ఆనాటి వీధి చూపిస్తారు. వాసనలు కూడా పెడతారు, పెంటకుప్ప వాసనతో సహా. అయిదేళ్లవాళ్లు కొందరు చీకటికీ వాసనకీ ఏడుస్తారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. వేళ బుక్ చేసుకోకపోతే సెలవుల్లో గంట వరసలో నిలబడాలి.

షాంబుల్స్ ఒకప్పటి కసాయి వీధి. పై అంతస్తులు ముందుకి వంగి ఉంటాయి. మాంసం మీద ఎండ పడకపోవడం దానివల్ల కలిగిన మేలు. కిటికీల కింద వెడల్పాటి చెక్క అరుగులు, ఇనుప కొక్కేలు ఇంకా ఉన్నాయి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే చూడగలరు. పదకొండు దాటితే పిల్లలకి పెద్దల వీపులు తప్ప ఏమీ కనపడవు.

క్లిఫర్డ్స్ టవర్ ఎత్తయిన దిబ్బ మీద ఉంది. 1190 మార్చిలో ఊరి యూదులు మూకకి భయపడి అప్పట్లో అక్కడున్న చెక్క బురుజులో తలదాచుకున్నారు. సుమారు 150 మంది ప్రాణాలు పోయాయి, చాలామంది లొంగిపోవడం కన్నా చావే నయమనుకున్నారు. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాతది. దిబ్బ అడుగున గుర్తుగా పలక ఉంది. తొమ్మిదేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పండి, ఆ తర్వాతే పైకి ఎక్కండి. 2022లో కట్టిన చెక్క వేదిక మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది.

ప్రశ్న: డిసెంబరులోనే సెలవు దొరుకుతోంది. చలికి భయపడి మానెయ్యాలా? (గుణుపురం)

మానక్కర్లేదు, చలికన్నా చీకటితోనే ఇబ్బంది. డిసెంబరు మూడోవారంలో సూర్యుడు మధ్యాహ్నం మూడు ముప్పావుకే అస్తమిస్తాడు. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నర దాటాక. కాబట్టి గోడ, తూర్పు కిటికీ పొద్దుటే ముగించి, మ్యూజియాలు సాయంత్రానికి పెట్టుకోండి. క్రిస్మస్ సంత రోజుల్లో శని ఆదివారాలు వద్దు, ఇరుకు వీధుల్లో కదల్లేరు. ఒకే మందపు స్వెట్టరు కన్నా పల్చటివి మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోండి. లోపల హీటర్లుంటాయి, విప్పుకోవాల్సి వస్తుంది. చలికాలం వానలకి ఊజ్ నది పొంగి ఒడ్డు దారులు మునుగుతాయి. లెండల్ వంతెన ఎత్తుగా ఉంటుంది, స్టేషన్ నుంచి మిన్‌స్టర్‌కి ఆ దారినే వెళ్లండి. నది పక్క హోటల్ గది తీసుకుంటే మాత్రం కింది అంతస్తు వద్దనండి.